కిడ్నీలు బాగున్న మనిషి

ఊళ్లో, చర్చిలో నన్ను ఆపి అడుగుతున్నారు, "విశాఖపట్నంలో నీ గుండెకేటో సేసినారంట కదా, ఏటి సేసినారే?" అని. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పి చెప్పి చివరికి నాకు కోపం వచ్చేస్తోంది. ఎందుకంటే వాళ్లు సగం విని, "పోన్లే, కిడ్నీలు బాగున్నాయి కదా" అనేసి తమ దారిన తాము వెళ్లిపోతారు. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోయినా నాకు కనపడదు, గొడవ లేదు.

నా పేరు ఎస్తేరు. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊళ్లలో మాదొకటి. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఇంటికొక కిడ్నీ రోగి. మా నాన్న కిడ్నీలు పాడై పోయాడు. మా అన్నయ్య దానియేలుకు నలభై నిండకుండానే డయాలసిస్ మొదలైంది. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు. వదిన పిల్లాణ్ణి తీసుకుని సోంపేటలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆవిణ్ణి నేను తప్పు పట్టను, ఈ ఊళ్లో బిడ్డను పెంచడానికి ఏ తల్లికైనా భయమే. నాకు రెండు మూడు సంబంధాలు వచ్చాయి. వచ్చినవాళ్లు ముందు నా రక్తపరీక్ష ఎంతొచ్చిందని అడిగారు, తర్వాత గోడ మీద నాన్న ఫోటో చూశారు, ఆ తర్వాత లేచి వెళ్లిపోయారు. కాఫీ మాత్రం ఎవరూ వదల్లేదు.

అలా ఇంట్లో మిగిలింది అమ్మ, అన్నయ్య, నేను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో నాది గ్రేడింగు పని. గుండు పప్పు, బద్ద, ముక్క వేరు చేయడం. అన్నయ్యను వారంలో మూడు రోజులు పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకురావడం కూడా నా పనే. నేను పడిపోతే ఆయన్ని తీసుకెళ్లే మనిషి లేడు. ఈ కథంతా నడిచింది ఆ ఒక్క సంగతి చుట్టూనే.

జీడిపిక్కల సీజను, పోయిన ఏడాది

మొదటిసారి ఫ్యాక్టరీలోనే వచ్చింది. కింద పడ్డ పప్పు తీద్దామని వంగి లేచాను. గుండెలో ఎవరో ఒక్క తట్టు తట్టినట్టయింది. అంతే, కుట్టుమిషను తొక్కినట్టు టకటకా మొదలైంది. పరుగెత్తితేనో భయపడితేనో గుండె మెల్లగా వేగం అందుకుంటుంది కదా, ఇది అలా కాదు. స్విచ్చు వేసినట్టు వచ్చింది. ఛాతీలో కన్నా గొంతులో ఎక్కువ కొట్టుకుంది. చెవుల్లో హోరు, చేతుల్లో వణుకు. నా పక్క బల్ల లక్ష్మి నా మెడకేసి చూసి చేతిలో పప్పు కింద పోసేసింది.

"ఓలమ్మ, నీ పీక ఎగిరిపోతంది సూడవే! ఏటైందే?"

"ఏమో అప్పా, తెల్డం నేదు."

గ్లూకోజు నీళ్లిచ్చి గోడకు చేరగిలబెట్టారు. కాసేపటికి ఎలా వచ్చిందో అలాగే టక్కున ఆగిపోయింది. ఆగిన క్షణం నాకు తెలిసింది. ఆ తర్వాత అసలు ముప్పు మొదలైంది. ఒంటేలుకు పరుగు. వచ్చి కూర్చుంటానో లేదో మళ్లీ పరుగు. లక్ష్మి మొహం మాడిపోయింది. మా వైపు మనిషి ఒంటేలుకు ఎన్నిసార్లు వెళ్లిందో పక్కవాళ్లే చూసుకుంటారు.

"ఇంతింత ఏటే ఎస్తేరూ? మీ నాయినకి కూడా ముందు ఇలాగే అయినాదేటి?" అంది. గుండె సంగతి అక్కడితో అందరూ మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను.

ఇంటికెళ్లి చెబితే అమ్మ ఏడవలేదు. కూరలో ఉప్పు తగ్గించేసింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పలాసలో రక్తపరీక్ష చేయించింది. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అంకె సున్నా పాయింటు ఎనిమిది వచ్చింది, అంటే బాగున్నట్టే. ల్యాబు మెట్ల మీదే అమ్మ మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పింది, వచ్చేపోయేవాళ్లు పక్కకు జరిగి వెళ్లారు. ఆ ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టింది. పాస్టరుగారు వచ్చారు, సంఘంలోని ఆడవాళ్లు వచ్చారు, ఉడికించిన శనగలు పంచాం. అందరూ కళ్లు మూసుకుని నా ఆరోగ్యం కోసం దేవుణ్ణి స్తుతిస్తుండగా నా గుండె మళ్లీ తట్టింది. పాట మొదలైంది, నా గొంతులో కొట్టుకోవడం మొదలైంది. ఇంతమంది సంతోషం పాడుచేయడం ఎందుకని పెదాలు కదుపుతూ కూర్చున్నాను. పాట అయిపోయినా అది అవలేదు. శనగలు పంచుతుంటే గిన్నె చేతిలోంచి జారింది. దిష్టి పోయిందిలే అన్నారెవరో.

వానల ముందు

దిష్టి పోలేదు. వారానికోసారి, రెండుసార్లు వచ్చేది. నీళ్లు తోడుతుంటే వచ్చేది, ఊరికే కూర్చుంటే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేదాన్ని. అమ్మకు చెప్పకుండా ఆటో ఎక్కి టెక్కలిలో ఒక డాక్టరు దగ్గరకు వెళ్లాను. అక్కడ వరుసలో నా వంతు వచ్చేసరికి దడ ఆగిపోయింది. ఈసీజీ తీశారు, చక్కగా ఉంది. రక్తం చూశారు, చక్కగా ఉంది. "టెన్షను పెట్టుకోకమ్మా" అని బలానికి మాత్రలు రాశారు. ఇంకోసారి వెళితే గ్యాసు అన్నారు. ఇంకోచోట, "పెళ్లయిందా?" అని అడిగి, కాలేదంటే తల ఊపారు. ఒళ్లు మండిపోయింది నాకు. పెళ్లి కాకపోతే గుండె కుట్టుమిషనై పోతుందా?

ఒక్క చిన్న వయసు డాక్టరు మాత్రం కాగితం పక్కన పెట్టి విన్నాడు. "దడ ఉన్నప్పుడే రామ్మా. అది నడుస్తుండగా ఈసీజీ తీస్తేనే కాగితం మీద పడుతుంది. ఆగాక తీస్తే ఏమీ కనపడదు" అన్నాడు.

"మా ఊరి నుంచి ఇక్కడికొచ్చేలోపు అది తన పని చూసుకుని వెళ్లిపోతుంది సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. దగ్గర్లో ఈసీజీ ఉన్న చోటు ఏదైనా సరే, పరుగెత్తి తీయించుకోమన్నాడు. ఈ రాతలో ఎవరికైనా పనికొచ్చే ముక్క ఒకటుంటే అది ఇదే, గుర్తుపెట్టుకోండి.

ఊళ్లో మాత్రం నేను రోగినే కాదు. రోగమంటే క్రియాటినిన్. అది బాగుంటే మనిషి బాగున్నట్టే. "నీకేటే, రాణీలాగున్నావు" అనేవాళ్లు. నిజమే, పక్కింట్లో, ఎదురింట్లో, మా ఇంట్లో మనుషులు మిషన్ల మీద బతుకుతుంటే నాకు దడ వస్తోందని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసేది. గోడవైపు తిరిగి కూర్చుని, ఆగేదాకా పళ్లు బిగించుకునేదాన్ని. చచ్చిపోతే అప్పుడైనా నమ్ముతారు అనుకునేదాన్ని. అనుకున్నాక ఏడుపొచ్చేది, ఎందుకంటే నమ్మి వాళ్లేం చేస్తారు, అన్నయ్యను పలాస తీసుకెళతారా?

జులై

డయాలసిస్ హాల్లో వరసగా మంచాలు. మంచానికో మిషను, మిషనుకో మనిషి. అన్నయ్య మంచం కిటికీ దగ్గర. ఆ రోజు ఆయన చేతికి సూదులు పెట్టి రక్తం మిషనులోకి తిరగడం మొదలైంది. నేను స్టూలు మీద కూర్చుని చెప్పు సరిచేసుకోవడానికి వంగాను. తట్టింది.

అన్నయ్య కళ్లు మూసుకునే ఉన్నాడనుకున్నాను. "ఏటే, మొహం అలా తెల్లబోయింది?" అన్నాడు.

"ఏటీ నేదు. నువ్వు పడుకో."

"పడుకునే ఉన్నాను కదేటి, నాకిక్కడ వేరే పనుందేటి? ఇలా రా. సెయ్యిలా ఇయ్యి."

తన వేలికి పెట్టిన నాడి చూసే క్లిప్పు పీకి నా వేలికి తగిలించాడు. పైన ఉన్న చిన్న తెర మీద అంకె ఎగబాకింది, రెండు వందల దాపుకు వెళ్లి నిలబడింది. మిషను కీచుమని అరిచింది. సిస్టరు పరుగున వచ్చి అన్నయ్య మీద పడింది.

"దానియేలుగారూ! దానియేలుగారూ! ఏమైంది మీకు?"

"నాక్కాదు సిస్టరూ, మా సెల్లికి. ముందు ఆ అంకె సూడండి, తరవాత దాని మొహం సూడండి. బేగి ఆ గుండె కాయితం తీయండి."

పక్కనే ఖాళీ అయిన మంచం మీద నన్ను పడుకోబెట్టి ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చేత్తో పట్టుకుని, "ఎన్నాళ్ల నుంచి తిరుగుతున్నావమ్మా దీనితో?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. నమ్మారు. నా మాటకు కాగితం మీద సాక్ష్యం దొరకడం అన్నాళ్లలో అదే మొదలు.

ఖాళీ సిరంజీ ఇచ్చి దానిలోకి గట్టిగా ఊదమన్నారు. ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. కొందరికి దాంతోనే ఆగిపోతుందట. నాకు ఆగలేదు. రెండోసారీ ఆగలేదు. అప్పుడు చేతికి ఇంజెక్షను పెట్టబోతూ డాక్టరుగారు ఉన్నమాట చెప్పారు: "ఇప్పుడు ఒక్క క్షణం చచ్చిపోతున్నట్టు అనిపిస్తుంది. చావవు. భయపడకు."

మందు లోపలికి వెళ్లింది. ఛాతీ మీద ఎవరో బస్తా దించారు. కింద మంచం లేదు, నేల లేదు, ఊపిరి లేదు. ప్రార్థన చేద్దామంటే దేవుడి పేరు గుర్తు రాలేదు. పక్క మంచం మీద అన్నయ్య లేవడానికి లేదు, చేయి మిషనుకు కట్టేసి ఉంది. మెడ మాత్రం నా వైపు తిప్పి, "ఎస్తేరూ, నాకేసి సూడు. నాకేసే సూడు. ఇంకెటూ సూడకు" అంటూనే ఉన్నాడు. ఆయన కళ్లే పట్టుకుని ఉన్నాను. తర్వాత గుండె ఒకసారి బరువుగా కొట్టుకుంది, ఇంకోసారి కొట్టుకుంది, మామూలుగా నడవడం మొదలుపెట్టింది.

గుండెలో కరెంటు నడిచే దారి పక్కన నాకు పుట్టుకతోనే ఇంకో సన్న దారి ఉందట. ఒక్కోసారి కరెంటు ఆ రెండు దారుల్లో గిర్రున తిరుగుతూ ఉండిపోతుందట, బయటపడే తోవ దొరక్క. దడ ఆగాక ఒంటేలు ఎక్కువ రావడం కూడా ఆ జబ్బు గుణమేనట. కిడ్నీలకూ దానికీ సంబంధమే లేదు. గ్యాసు కాదు, దిష్టి కాదు, పెళ్లి కాకపోవడం కాదు. డాక్టరుగారు రోజూ వేసుకోవడానికి మాత్ర రాశారు, దానితో అదుపులోకి రాకపోతే విశాఖపట్నం పంపుతామన్నారు.

తిరుగు దారిలో ఆటోలో అన్నయ్య, "సూసినావా, నా మంచం పక్కన కూకుంటే నీ రోగం దొరికిపోనాది. నాకు డాట్టరు బోర్డు కట్టు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

మాత్ర

మా అమ్మ మంచిది. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఇక ముందు చదవబోయేది చదివి మీరు ఆమెను తిడతారు.

మా నాన్న కొబ్బరి దింపు, పీచు పని చేసేవాడు. ఒళ్లు నొప్పులకు కొట్లో దొరికే మాత్ర రోజూ మింగేవాడు. ఆయన కిడ్నీలు పోయాక ఆసుపత్రిలో ఎవరో, "ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వాడారా?" అని అడిగారు. అమ్మ బుర్రలో ఆ ప్రశ్నే జవాబై కూర్చుంది. అప్పటి నుంచి మా ఇంట్లో జ్వరమొచ్చినా తడిగుడ్డే, తలనొప్పికైనా తడిగుడ్డే. అన్నయ్య మందుల పెట్టెను కూడా బట్ట కప్పి ఉంచుతుంది, పాము బుట్టలాగ. ఇలా మా ఇంట్లోనే కాదు, మా వీధిలో చాలా ఇళ్లలో ఉంది.

"మీ నాయిన్ని ఏటి తినీసింది? మాత్ర. ఇప్పుడు నీకూ రోజూ మాత్రంటన్నారు. మంచిగున్న కిడ్నీలు కూడా పాడు సేసుకోవాలేటే? నాను సూత్తూ ఊరుకోవాలేటి?"

"అది నొప్పి మాత్ర కాదమ్మా. గుండె మాత్ర."

"ఏ మాత్రయినా దిగేది కడుపులోకే కదే."

చివరికి ఒప్పందానికి వచ్చాం. మాత్ర వేసుకుంటాను, నెల తిరిగాక రక్తం చూపిస్తాను. ఆ నెల నాకు దడ ఒక్కసారి కూడా రాలేదు. ఒళ్లు కాస్త బరువుగా ఉండేది, అంతే. నెల తిరిగింది, రక్తం ఇచ్చాం. సున్నా పాయింటు తొమ్మిది వచ్చింది.

అమ్మకు చదువు రాదు. కానీ ఈ అంకెలు ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం చేతిలో పట్టుకుని, "పెరిగినాది" అంది. ల్యాబు అతను, "పెద్దమ్మా, రెండూ మంచివే, రోజు రోజుకీ అంత తేడా ఎవరికైనా ఉంటుంది" అని చెప్పాడు. అమ్మ వినలేదు. "ఎనిమిది తరవాత తొమ్మిది. తొమ్మిది తరవాత ఏటొత్తాది బాబూ? మా ఆయనకి కూడా ఇలాగే ఒక్కో మెట్టూ ఎక్కినాది" అంది. అతను నా వైపు చూశాడు. నాకూ భయమేసింది. నేనూ ఆ ఊరిదాన్నే కదా, నాన్న అంకెలు ఎక్కడం నేనూ చూశాను. మాత్ర మానేశాం. అన్నయ్య ఒక్కడే, "డాట్టర్ని అడక్కుండా మానకండే, మొత్తుకుంటన్నాను" అన్నాడు. ఆసుపత్రికి ఫోను చేసినా, ఒక్క మాట అడిగినా సరిపోయేది. మా ఊళ్లో ఆ అంకె పెరిగిందంటే మనిషికి ఇంకేదీ వినపడదు.

దసరా తర్వాత

ఆ రోజు డయాలసిస్ అయిపోయి పలాస నుంచి తిరిగి వస్తున్నాం. మా వీధి అప్పారావు ఆటో. దడ వచ్చింది, ఆగుతుందిలే అని కూర్చున్నాను. ఆగలేదు. కొబ్బరి తోటల మధ్య రోడ్డు మలుపు తిరిగేచోట కళ్ల ముందు నల్లగా మూసుకొచ్చింది. ఆటో నుంచి బయటకు ఒరిగిపోయాను.

తర్వాతది అప్పారావు చెప్పగా విన్నదే. నేను రోడ్డు మీద పడబోతుంటే అన్నయ్య రెండు చేతులా పట్టుకుని లోపలికి లాగాడట. ఆయన ఎడమ చేయి డయాలసిస్ చేయి. ఆ చేత్తో చెంబెడు నీళ్లు కూడా ఎత్తకూడదు. సూదులు తీసిన చోట్లు తెరుచుకుని రక్తం చిమ్మింది. ఆయన ఒక చేత్తో నన్ను, ఒక మోకాలితో ఆ చేతిని అదిమి పట్టుకుని, "తిప్పు, బండి తిప్పరా అప్పారావూ, ఎనక్కి తిప్పు!" అని అరిచాడట. ఆసుపత్రిలో దిగేసరికి ఇద్దరి బట్టలూ రక్తమే. సిస్టర్లకు ముందు ఎవరిని చూడాలో తెలియలేదు.

నాకు ఈసారి ఇంజెక్షనుతో కూడా వెంటనే లొంగలేదు. ఛాతీకి షాకు ఇచ్చి ఆపారట. నేను కళ్లు తెరిచేసరికి ఇటు నా మంచం, అటు అన్నయ్య మంచం, మధ్యలో నేల మీద అమ్మ. మా ఇద్దరి మంచం కోళ్లనీ చెరో చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూసి, "నానే సంపీసీదాన్ని. నానే" అంది. నాకు కోపం రాలేదని రాయలేను. కోపం వచ్చింది. కానీ ఆ చేతులు చూశాక నా చేయి కిందకు చాచి ఆమె తల మీద పెట్టాను.

వాయుగుండం రోజులు

విశాఖపట్నం వెళ్లి ఆ దొంగదారిని కాల్చేయించుకోవాలన్నారు. తొడ దగ్గర నరంలోంచి సన్నని తీగలు గుండెలోకి పంపి ఆ చోటు మాడుస్తారట. ఆరోగ్య కార్డు మీదే చేస్తారు. నేను వెళ్లనన్నాను. వెళితే అన్నయ్యను పలాస ఎవరు తీసుకెళతారు? పక్కింటివాళ్లకు వాళ్ల రోగులున్నారు.

"నువ్వు ఎల్లకపోతే నేను రేపటినుంచి మిషనెక్కను" అన్నాడు అన్నయ్య.

"బెదిరిత్తన్నావేటి?"

"బెదిరింపు కాదే, బేరం. అమ్మ ఉన్నాది, అప్పారావు ఉన్నాడు. నువ్వు బేగి ఎల్లు, బేగి రా."

టెక్కలిలో ఉండే పిన్ని తోడు రాగా వెళ్లాను. వెళ్లిన మర్నాటి నుంచి వాన. వాయుగుండం అన్నారు. నా ముందున్నవాళ్లకు ఏదో అత్యవసరమై నా వంతు వెనక్కి జరిగింది, ఆ తర్వాత ఇంకా వెనక్కి జరిగింది. వార్డులో నా పక్క మంచం మూలపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామెది, ఆమెకు గుండె వాల్వు. చేతికి సూది ఉండి నేను జడ వేసుకోలేకపోతుంటే ఆమె వచ్చి నా వెనక కూర్చుంది. ఎవరూ అడగలేదు. చిక్కు తీసి, నూనె రాసి, గట్టిగా అల్లింది. "ఆపరేసనికి ఎల్లేటప్పుడు బాగుండాలి తల్లీ, ఎవురు సూత్తారో ఏటో" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆమె పేరైనా అడగలేదు.

డయాలసిస్ రోజున అన్నయ్యకు ఫోను చేశాను.

"మిషను మీదున్నాను. పెట్టీయే, సిస్టరు తిడతాది."

"ఆ హోరేటన్నియ్యా?"

"ఏసీ పాడైపోనాది. లారీలాగ అరుత్తాంది."

నేను నవ్వాను. ఆ తర్వాతి డయాలసిస్ రోజున కూడా అదే మాట, అదే హోరు. ఏసీ ఇంకా బాగుచేయలేదా అని ఆసుపత్రివాళ్లను తిట్టాను కూడా.

చివరికి నా వంతు వచ్చింది. మత్తు ఇవ్వలేదు, మెలకువగానే ఉన్నాను. చల్లటి గది, పైన పెద్ద పెద్ద తెరలు. "ఇప్పుడు దడ మేమే తెప్పిస్తాం" అన్నారు డాక్టరు. ఇన్నాళ్లూ నన్ను పరుగెత్తించినది పిలవగానే వచ్చింది. గొంతులో మళ్లీ అదే కొట్టుకోవడం. ఎవరూ కంగారు పడలేదు, తెర చూస్తూ వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. తర్వాత ఛాతీ లోపల ఎక్కడో వెచ్చగా, దవడ కింద చిన్న నొప్పి. మళ్లీ తెప్పించబోయారు, రాలేదు. మందు ఎక్కించి మళ్లీ ప్రయత్నించారు, రాలేదు. "పోయిందమ్మా" అన్నారు. మళ్లీ ఎప్పటికీ రాదా అని అడిగితే, "చాలామందికి రాదు. వస్తే మళ్లీ చూద్దాం" అన్నారు. ఆ బల్ల మీదే గొల్లుమన్నాను.

బయటికి తెచ్చాక మొదటి ఫోను అన్నయ్యకే. పోయిందట అన్నియ్యా, అన్నాను. అటు నుంచి చాలాసేపు ఊపిరి చప్పుడే. "బాగున్నాది..." అన్నాడు. మళ్లీ ఊపిరి. "సాలా... బాగున్నాది." ఏడుస్తున్నాడనుకున్నాను.

ఇంటికి

పలాస స్టేషనులో దిగితే అప్పారావు ఆటోతో వచ్చాడు. నోరు మూయని మనిషి, నన్ను ఎక్కించుకుని రోడ్డు కేసే చూస్తూ నడిపాడు. దారి పొడవునా కూలిన కొబ్బరి చెట్లు నరికి పక్కకు లాగి ఉన్నాయి. కొన్నిచోట్ల రోడ్డు మీద ఇంకా నీళ్లు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"అప్పారావూ, మా అన్నియ్యని పలాస తీసికెల్లినావా?"

అతను వెనక్కి తిరగలేదు. "బండి దాటనేదప్పా. సెట్లు, నీల్లు. రెండు మాట్లు బయల్దేరి ఎనక్కొచ్చీసినాం."

అన్నయ్య మంచం మీద కూర్చుని, దిండ్ల మీదకు వంగి ఉన్నాడు. పడుకోలేడు, పడుకుంటే ఊపిరి అందదు. మొహం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. కాళ్లు చూడలేకపోయాను. అమ్మ విసురుతోంది. "నీకు సెప్పనిచ్చినాడు కాదే. బైబిలు మీద ఒట్టేయించుకున్నాడు" అంది. నేను సంచీ కూడా దించలేదు, అదే ఆటోలో వెనక్కి తీసుకెళ్లాను. ఆయన తల నా భుజం మీద ఉంది, ప్రతి ఊపిరీ ఈల వేసినట్టు వస్తోంది. నా గుండె మాత్రం గడియారంలాగ నడుస్తోంది. దాన్ని అంత అసహ్యించుకున్న రోజు ఇంకొకటి లేదు.

మిషను ఒంట్లో నిలిచిపోయిన నీళ్లు లాగేసింది, ఊపిరి తిరిగింది. మర్నాడు మాట వచ్చాక తగవు పెట్టుకున్నాను. హాల్లో అందరూ చూస్తున్నా ఆగలేదు.

"గాలీవాన హోరుని ఏసీ అన్నావు! లారీలాగ అరుత్తాందన్నావు! నాతో అబద్దమాడతావేటి?"

"నిజం సెప్తే ఏటి సేద్దువు?"

"వచ్చీసేదాన్ని."

"అందుకే సెప్పనేదు."

"నువ్వు సచ్చిపోతే?"

గొంతు పెంచే ఓపిక లేక నన్ను దగ్గరకు రమ్మన్నాడు. "నాయిన పోనాడు. నాను కూడా దీని మీదే పోతాను, ఇయ్యాల కాపోతే రేపు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. మనింటికి ఇన్నాల్లకి ఒక్క మానే రోగం వచ్చినాదే ఎస్తేరూ. ఒక్కటంటే ఒక్కటి. దాన్ని కూడా మానకుండా పోనిత్తే మనకన్నా ఎర్రోల్లుంటారేటి?"

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత మేం మళ్లీ పోట్లాడుకోలేదు.

ఆ నీళ్లు ఆయన గుండెను నీరసపరిచాయన్నారు. ఆ రెండు డయాలసిస్‌లు తప్పడం వల్లేనా, ఎలాగైనా అయ్యేదేనా అని డాక్టరుగారిని అడిగితే, చెప్పలేం అన్నారు. చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టిన వారంలో, మిషను మీద ఉండగానే, అన్నయ్య గుండె ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నాకేసి చూడమని నేనూ అన్నాను. కాసేపు చూశాడు.

సరుగుడు చెట్ల పక్కన సమాధుల తోటలో నాన్న దగ్గరే పెట్టాం. వదిన వచ్చింది, పిల్లాడు వచ్చాడు. అమ్మ నా చేయి వదల్లేదు.

ఇప్పుడు మళ్లీ ఫ్యాక్టరీకి వెళుతున్నాను. దడ రాలేదు. ఒక్కోరోజు ఏ పనీ చేయబుద్ధి కాదు, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు, ఎందుకీ బతుకు అనిపిస్తుంది. అయినా తింటాను. డాక్టరు రమ్మన్న రోజుకు విశాఖపట్నం వెళ్లి చూపించుకుంటాను. వీధిలో ఎవరైనా ఎలాగున్నావే అంటే బాగున్నానంటాను. నేను బాగానే ఉన్నాను. బాగుండకపోతే అన్నయ్య ఊరుకోడు.